తల్లిని చూపించే చోటే కొనండి: నెల్లూరు, ఒంగోలు వైపు జాతి కుక్కపిల్ల కొనేవారికి పోలిక

పాడి చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలంటారు. ఈ సామెత పెళ్లి సంబంధాల గురించే అయినా కుక్కపిల్లల బేరంలో అక్షరాలా పనికొస్తుంది. ఒంగోలు కోడెను కొనే రైతు మూపురం, గంగడోలు చూసి ఊరుకోడు. తల్లి ఎవరింటిది, ఏ ఆబోతుకు పుట్టింది అని ఆరా తీసి గానీ రూపాయి తియ్యడు. అదే మనిషి లాబ్రడార్ పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఫోన్లో ఫొటో చూసి డబ్బు పంపేస్తాడు.

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల వాళ్లకు జాతి కుక్కపిల్ల ఐదు దారుల్లో దొరుకుతుంది: ఊళ్లో ఎవరింట్లోనో ఈనిన పిల్లలు, చెన్నై బ్రీడర్లు (కుక్కలను ఈనించి అమ్మేవాళ్లు), బజారులోని పెట్ షాపు, ఫోన్లో ప్రకటనలు, రాజపాళయం, ముధోల్ లాంటి మన దక్షిణాది జాతుల సొంత ఊళ్లు. ఏ దారైనా ముందు ఈ ఐదు విషయాలు తేల్చుకోవాలి.

## బేరానికి ముందు చూడాల్సినవి

తల్లి. పిల్లలు తల్లి దగ్గర ఉండగానే వెళ్లి చూడాలి. పాలిచ్చే తల్లి చన్నులు వేలాడుతుంటాయి, ఒళ్లు కాస్త చిక్కి, బొచ్చు పలచబడి ఉంటుంది. బిగువైన పొట్టతో నిగనిగలాడే ఆడకుక్కను పట్టుకొచ్చి ఇదే తల్లి అంటే నమ్మకండి. కొత్త మనిషిని చూసి అది మూలకు నక్కుతుందా, మీదికి ఉరుకుతుందా, వచ్చి వాసన చూసి వెళ్లి పడుకుంటుందా గమనించండి. పిరికితనం కొంత రక్తంలో వస్తుంది, కొంత తల్లిని చూసి పిల్లలు నేర్చుకుంటాయి. తండ్రి అక్కడ లేకపోవడం తప్పు కాదు. మంచి మగకుక్క కోసం వేరే ఊరు వెళ్లి క్రాసింగ్ చేయించుకొచ్చేవాళ్లున్నారు. దాని ఫొటో, కాగితాల నకలు అడిగితే చాలు.

వయసు. మన దగ్గర బేరాలన్నీ 45 రోజుల పిల్ల మీదే నడుస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ పదకొండు రోజులు చిన్న తేడా కాదు. ఎంత గట్టిగా కొరికితే తోబుట్టువు కుయ్యిమని ఆట మానేస్తుందో పిల్లకు తెలిసివచ్చేది సరిగ్గా ఆ వారాల్లోనే. ముందే విడదీసిన పిల్లకు ఆ పాఠం ఇంట్లో పిల్లల చేతుల మీద నేర్పాల్సి వస్తుంది. పైగా 45 రోజులు అని చెప్పేది చాలాసార్లు నెల పిల్లే. పెదవులు పైకెత్తి చూడండి. ముందు పళ్లు, కోరలు మాత్రమే వచ్చి వెనక దవడ పళ్లు ఇంకా లేకపోతే అది నెల అటూ ఇటూ పిల్ల. 8 వారాలకు పాలపళ్లు మొత్తం 28 వచ్చేసి ఉంటాయి.

టీకా కార్డు. మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య పడుతుంది. తర్వాత 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాల వరకు వెయ్యాలి. రేబిస్ టీకా 12 వారాలు నిండాక. కాబట్టి 45 రోజుల పిల్లకు టీకాలన్నీ అయిపోయాయని చెప్పేవాడు అబద్ధమన్నా ఆడుతున్నాడు, వయసన్నా దాస్తున్నాడు. కార్డు మీద పెన్నుతో తేదీ రాసుంటే చాలదు. మందు సీసా మీద నుంచి ఒలిచి అంటించిన బ్యాచ్ నంబరు స్టిక్కరు, పక్కన పశువుల డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నులిపురుగుల మందు రెండో వారం నుంచి రెండు వారాలకోసారి పట్టి ఉండాలి, ఆ తేదీలూ అడగండి.

కాగితాలు. కేసీఐ పేపర్లంటే చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే జాతి ధ్రువపత్రం. అందులో పిల్ల పుట్టిన తేదీ, రంగు, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న చిప్) నంబరు, మూడు తరాల పూర్వీకుల పేర్లు ఉంటాయి. చాలామంది దీన్ని ఆరోగ్య ధ్రువపత్రం అనుకుంటారు. ఇది ఎవరికి పుట్టిందో చెప్పే కాగితం, అంతే. తుంటి కీలు అరిగిన తల్లికి పుట్టిన పిల్లకూ పేపర్లు వస్తాయి. ఇంకో మాట: 15 అంకెల చిప్ నంబరు పిల్ల ఒంట్లోని చిప్‌తో కలిస్తేనే ఆ కాగితం ఆ పిల్లది. దాన్ని స్కానరుతో చదవాలి, సెల్‌ఫోన్ చదవలేదు.

తర్వాత జవాబుదారీ. మన దగ్గర కొత్త పిల్లలను ఎక్కువగా పట్టుకునేది పార్వో. వైరస్ సోకిన 3 నుంచి 7 రోజులకు, కొన్నిసార్లు రెండు వారాలకు వాంతులు, దుర్వాసనతో రక్త విరేచనాలు మొదలవుతాయి. అంటే అమ్మినవాడి దగ్గరే సోకినా జబ్బు బయటపడేది మీ ఇంట్లో. అందుకే 24 గంటల గ్యారంటీ అన్న మాటకు విలువ లేదు. 14 రోజుల్లోపు పార్వో గానీ, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు గానీ బయటపడితే వైద్యం ఖర్చు గానీ డబ్బు వాపసు గానీ ఇస్తామని రాసిచ్చేవాడు కావాలి.

## ఊళ్లో ఈనిన పిల్లలు

పక్క వీధిలో ఎవరో లాబ్రడార్ పెంచుకుంటారు, ఎదకొస్తే తెలిసినవాళ్ల మగకుక్కతో క్రాసింగ్ చేయిస్తారు, ఏడెనిమిది పిల్లలు పుడతాయి. మగకుక్క యజమానికి ఫీజు బదులు ఒక పిల్ల ఇచ్చే ఒప్పందం మామూలే. అతను ఎంచుకున్నాకే మీకు చూపిస్తారు.

ఈ దారిలో లాభం తల్లి కళ్లముందే ఉండటం. ఎన్నిసార్లయినా వెళ్లి చూడవచ్చు. మూడో వారంలో కళ్లు తెరిచి తడబడుతూ నడిచేటప్పుడు ఒకసారి, ఆరో వారంలో ఒకసారి, తీసుకెళ్లే రోజు ఒకసారి వెళ్తే ఏ పిల్ల చురుకైనదో, ఏది పాలకు వెనకబడుతోందో మీకే తెలిసిపోతుంది. ఇంటి మనుషుల మధ్య, మిక్సీ శబ్దం, కుక్కర్ విజిల్ మధ్య పెరిగిన పిల్ల కొత్తింట్లో తొందరగా కుదురుకుంటుంది. జ్వరమొస్తే పొద్దున్న ఏడు గంటలకే వెళ్లి అడగడానికి తలుపు ఉంటుంది.

నష్టం జాతి స్వచ్ఛత దగ్గర. పేపర్లుండవు. తల్లీతండ్రీ ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లు అయ్యుండవచ్చు, ఒక్కోసారి యజమానికే తెలియదు. రెండింటినీ ఎక్కడ కొన్నారో విడివిడిగా అడిగి చూడండి. ప్రతి ఎదకూ క్రాసింగ్ చేయించే ఇళ్లను వదిలెయ్యండి. అదే 2017 నిబంధనల ప్రకారం ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, 8 ఏళ్లు దాటకూడదు, వరుసగా రెండు ఎదల్లో ఈనించకూడదు, జీవితం మొత్తంలో 5 ఈతలు మించకూడదు. ఇది ఎన్నో ఈత అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు, ఆ జవాబుకు ముందు పట్టే ఆలస్యం, రెండూ వినండి.

ఇలాంటి ఇళ్లు ఎక్కడున్నాయో అందరికన్నా ముందు తెలిసేది టీకాలు వేసే డాక్టరుకే. ఆయన్ను అడగడం ఏ ప్రకటన చూడటం కన్నా మేలు.

## చెన్నై బ్రీడర్లు

నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద మూడు గంటల పైచిలుకు ప్రయాణం. ఒంగోలు వాళ్లకు మరో 120 కిలోమీటర్లు కలుపుకోవాలి. పేపర్లున్న పిల్ల కావాలంటే మనకు దగ్గర దారి ఇదే. డాగ్ షోలకు వెళ్లే బ్రీడర్లు అక్కడ ఎక్కువ.

అయితే చెన్నైలో కొన్నామన్న మాటలో గొప్పేమీ లేదు. ఏడాదికి ఒకటీ రెండు ఈతలు పెట్టించి, పిల్లలు పుట్టకముందే సగం బుక్ అయ్యే ఇల్లూ అక్కడే ఉంది, మేడ మీద బోన్లలో పది జాతులు పెట్టుకున్నదీ అక్కడే ఉంది. ఇద్దరూ తమను కెన్నెల్ అనే పిలుచుకుంటారు. తేడా తేలిగ్గానే తెలుస్తుంది. మొదటివాడు ఒకటీ రెండు జాతులకు మించి పెంచడు. మిమ్మల్నే ప్రశ్నలడుగుతాడు: ఇల్లా అపార్ట్‌మెంటా, పగలు ఎవరుంటారు, ఇంతకుముందు కుక్క ఉండేదా. ఈ ప్రశ్నలకు చిరాకు పడకండి. ఎవరికి అమ్ముతున్నాడో పట్టించుకోనివాడు ఎలా పెంచాడో కూడా పట్టించుకుని ఉండడు. రెండోవాడు ఏ జాతి కావాలన్నా ఉందంటాడు, బోన్ల దగ్గరికి మాత్రం రానివ్వడు, పిల్లను హాల్లోకి తెచ్చి చూపిస్తాడు.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ అయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగండి. రెండేళ్లు నిండాక తీసినదైతే మేలు. చూపించేవాళ్లు తక్కువే, చూపించినవాడికి పదో పరకో ఎక్కువిచ్చినా నష్టం లేదు.

డబల్ బోన్ లాబ్, ట్రిపుల్ కోట్ షెపర్డ్, టీకప్ పామ్ (పామెరేనియన్): ఈ మాటలు ఏ జాతి ప్రమాణంలోనూ లేవు, ధర పెంచడానికి పుట్టినవి. లావుపాటి పిల్ల ఎక్కువ తిన్న పిల్ల మాత్రమే. జర్మన్ షెపర్డ్‌కు పుట్టుకతోనే రెండు పొరల బొచ్చు ఉంటుంది, దానికి వేరే ధర ఎందుకు? మన ఇళ్లల్లో పామెరేనియన్ అని పిలుచుకునే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్. మంచి కుక్కే, కానీ పామెరేనియన్ ధర పెట్టక్కర్లేదు.

పేపర్లు తర్వాత పంపుతామన్న మాట ఇక్కడ అందరూ అంటారు, కొంతవరకు నిజం కూడా, అవి రావడానికి సమయం పడుతుంది. ఈతను నమోదు చేయించిన రసీదు చూపించమనండి, తల్లిదండ్రుల కేసీఐ నంబర్లు రాసుకోండి, ధరలో కొంత భాగం పేపర్లు చేతికొచ్చాక ఇచ్చేలా బిల్లు మీదే రాయించండి. పేపర్లు వచ్చాక యాజమాన్యం మీ పేరుకు మార్చుకోవాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

## పెట్ షాపు

దగ్గర, తెరిచే ఉంటుంది, పిల్లను ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చుకోవచ్చు. లాభం అంతవరకే. తల్లి ఉండదు. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన పిల్లలను పక్కపక్క బోన్లలో ఉంచుతారు, ఒకదానికి పార్వో ఉంటే అన్నింటికీ చేరుతుంది. తప్పనిసరై అక్కడే కొనాల్సి వస్తే బోనులో పిల్లను కొనకండి, ఫలానా జాతి కావాలి, ఏ బ్రీడర్ దగ్గర నుంచి తెస్తారో ఫోన్ కలిపి మాట్లాడించండి అని అడగండి. జాలిపడి నీరసంగా ఉన్న పిల్లను తెచ్చుకునేవాళ్లున్నారు. మనసు మంచిదే, కానీ ఖాళీ అయిన ఆ బోనులోకి మర్నాడు ఇంకో పిల్ల వస్తుంది. షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చూపించమని అడగడానికి మొహమాటం వద్దు.

## ఫోన్లో ప్రకటన

ఫొటో ఒకరిది, పిల్ల ఇంకొకరిది, లేదా అసలు పిల్లే లేదు. ముందు సగం పంపండి, తర్వాత రవాణా ఖర్చు, తర్వాత బోను ఖర్చు, తర్వాత సర్టిఫికెట్ ఖర్చు అంటూ పోతే అది మోసమే. ప్రకటన ద్వారా నిజమైన బ్రీడరూ దొరకవచ్చు. వీడియో కాల్‌లో పిల్లలు తల్లి దగ్గర పాలు తాగుతుంటే చూపించమనండి, మీరు చెప్పిన పిల్లను అప్పటికప్పుడు చేతిలోకి తీసుకోమనండి. రికార్డు చేసిన వీడియో పంపిస్తానంటే అక్కడితో ఆపెయ్యండి. బెంగళూరు, హైదరాబాద్ నుంచి ప్రైవేటు బస్సు డిక్కీలో పంపిస్తామన్నా ఒప్పుకోవద్దు. గాలాడని ఆ వేడిలో చచ్చిపోయిన పిల్లకు ఎవరూ జవాబు చెప్పరు.

## మన దక్షిణాది జాతులు

తోటలకు, చెరువులకు కాపలా కావాల్సినవాళ్లు విదేశీ జాతుల వైపు చూసేముందు వీటిని చూడాలి. ఎండకు తట్టుకుంటాయి, బొచ్చు పొట్టి, తిండి ఖర్చు తక్కువ. రాజపాళయం తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని ఊరు, జాతికి ఆ ఊరి పేరే వచ్చింది. చిప్పిపారై కూడా అటువైపుదే. ముధోల్ హౌండ్‌ది కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా. అక్కడ తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వారి కేంద్రం ఈ జాతి కోసమే పనిచేస్తోంది. ఈ మూడింటినీ జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశీ జాతులుగా నమోదు చేసింది.

రాజపాళయం పాలలాంటి తెలుపు, ముక్కు గులాబీ రంగు. ఆ తెలుపుతోపాటే చెవుడు కూడా కొన్ని పిల్లలకు వస్తుంది. పిల్ల మిమ్మల్ని చూడకుండా వెనక నిలబడి, నేలకు అదురు తగలకుండా తాళాలగుత్తి గాల్లో ఆడించండి. తల తిప్పకపోతే వదిలెయ్యండి. ఒక చెవే వినపడని పిల్ల ఈ పరీక్షలో దొరకదు, దానికి ఆస్పత్రిలో చేసే పరీక్షే దిక్కు. రాజపాళయం ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ లొంగని కుక్క, మొదటిసారి పెంచేవాళ్లకు బరువవుతుంది. చిప్పిపారై, ముధోల్ వేటకుక్కలు, పరిగెత్తేదాన్ని తరుముతాయి. కోళ్లు, మేకలు వదిలే ఇంటికి వాటిని తెస్తే గొడవలు తెచ్చుకున్నట్టే.

దూరం ఎక్కువ కాబట్టి ఇక్కడివాళ్లు మధ్యవర్తుల చేతిలో పడతారు. గ్రేహౌండ్ కలిపిన పిల్లను ముధోల్ అని అమ్మడం ఉంది. వెళ్లి తల్లినీ, వీలైతే తోబుట్టువులనూ చూడనిదే తీసుకోవద్దు.

| కొనే చోటు | తల్లి | పేపర్లు | రోగాల ముప్పు | తర్వాత అడగడానికి మనిషి |
|---|---|---|---|---|
| ఊళ్లో ఇల్లు | కళ్లముందే | సాధారణంగా ఉండవు | తక్కువ, టీకా వేయిస్తే | పక్క వీధిలోనే |
| చెన్నై మంచి బ్రీడర్ | చూపిస్తారు | ఉంటాయి | తక్కువ | ఫోన్లో దొరుకుతాడు |
| బోన్ల కెన్నెల్ | చూపించరు | అనుమానం | ఎక్కువ | మాట మారుస్తాడు |
| పెట్ షాపు | ఉండదు | అరుదు | ఎక్కువ | షాపు ఉన్నంతవరకు |
| ఫోన్ ప్రకటన | వీడియోలో | చెప్పలేం | చెప్పలేం | నంబరు మారేవరకు |
| సొంత ఊరి దేశీ జాతి | వెళ్తే కనబడుతుంది | కొందరి దగ్గర | మధ్యస్థం | దూరం |

## ఎవరికి ఏది

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్, ఇంట్లో చిన్నపిల్లలు, మొదటి కుక్క: ఊళ్లో ఈనిన లాబ్రడార్ లేదా ఇండియన్ స్పిట్జ్ పిల్ల. పేపర్లతో మీకు పని లేదు, మీ డాక్టరుకు తెలిసిన తల్లి పిల్ల కావాలి. పగ్ అనుకుంటే ముక్కు రంధ్రాలు సన్నగా మూసుకుపోయినట్టు ఉన్నదాన్ని, నిద్రలో గురక పెట్టేదాన్ని వద్దనండి. మన మే నెలలో దానికి ఊపిరాడదు.

షోలకు తిప్పాలనో, రేపు ఈతలు పెట్టించాలనో ఉంటే చెన్నై తప్ప దారి లేదు. పేపర్లు లేని కుక్కను షో రింగులోకి రానివ్వరు. ఆరు నెలలు ఆగి బుక్ చేసుకోండి.

అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల కాపలాకు జాతి కుక్క అక్కర్లేదన్నది మా మాట. ఊరకుక్క పిల్లనే తెచ్చి టీకాలు వేయించి పెంచితే ఉప్పుగాలికి, ఎండకు, దోమకు నిలబడుతుంది. పొదలకూరు నిమ్మతోటలో కంచె ఉండి, రోజూ అక్కడే మనిషి ఉంటే రాజపాళయం ఆలోచించవచ్చు.

హస్కీ కావాలనేవాళ్లకు: రోహిణి కార్తెలో నెల్లూరులో హస్కీని పెంచడమంటే ఏసీని పెంచడమే. ఎక్కడ కొనాలన్న ప్రశ్న దానికి వర్తించదు.

## తెచ్చుకునే రోజు

చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే కడుపులో పురుగులో, గోమార్ల నుంచి వచ్చిన జ్వరమో అయ్యుండవచ్చు. వేళ్ల సందుల్లో, చెవుల లోపల గోమార్లు వెతకండి. తోక కింద తడి, మరకలు ఉండకూడదు. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు ఉంటే డాక్టరుకు చూపించాకే బేరం. మగపిల్ల అయితే వృషణాలు రెండూ చేతికి తగలాలి. నేలమీద వదిలి నాలుగు అడుగులు నడిపించండి.

చెన్నైలో కొంటే ఊరు దాటకముందే అక్కడి పశువుల ఆస్పత్రిలో చూపించడం మంచిది, వేపేరిలో మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. పార్వో స్ట్రిప్ పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. తెల్లవారుజామున బయల్దేరి ఎండ ముదరకముందే ఇల్లు చేరండి. ప్రయాణానికి మూడు గంటల ముందు తిండి ఆపితే వాంతి చేసుకునే అవకాశం తగ్గుతుంది. షిట్జూ, పామ్ లాంటి బుల్లి జాతులను మాత్రం అంతకన్నా ఎక్కువసేపు పస్తు ఉంచకండి, ఒంట్లో చక్కెర పడిపోయి వణుకుతాయి. అలా అయితే చిగుళ్లకు కాస్త తేనె రాసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

అమ్మినవాళ్లు పెట్టే తిండే వారం రోజులకు సరిపడా అడిగి తెచ్చుకోండి. బర్రెపాలు పట్టడం మన ఇళ్లల్లో మొదటి తప్పు, విరేచనాలు అవుతాయి, అవి పార్వోనా, పాలా తేల్చుకోలేక ఒక రోజు పోతుంది. ఆ ఒక్క రోజే పార్వో పిల్లకు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంతకుముందు పార్వోతో పిల్ల పోయిన ఇల్లయితే ఎంపికే మారిపోతుంది. ఆ వైరస్ ఏడాది దాకా నేలలో ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. గచ్చును ముందు సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో పది నిమిషాలు తడిపి ఉంచాలి. రొయ్యల చెరువుల వాళ్లకు ఆ పొడి వాసన కొత్త కాదు. మట్టి పెరడును అలా కడగలేం. అలాంటి ఇంటికి 8 వారాల పిల్ల ఎంత మంచి బ్రీడర్ దగ్గరదైనా వద్దు. టీకాల వరస మొత్తం పూర్తయి రెండు వారాలు దాటిన, నాలుగైదు నెలల పిల్లను అడగండి. అమ్ముడవకుండా మిగిలిన పిల్ల అని చిన్నచూపు చూడకండి, బ్రీడర్లు షోకని ఉంచుకుని తర్వాత వద్దనుకున్నవి కూడా ఆ వయసులోనే దొరుకుతాయి.